విదేశీ విశ్వవిద్యాలయములలో స్వల్పకాల పరిశోధన: బయలుదేరుటకు ముందు భీమిలిలో చేయవలసిన పని

ఆనందపురం కూడలిలో జాతీయ రహదారిని విడిచి తూర్పుగా సాగితే కొద్దిసేపటికి భీమునిపట్నం చేరుతాము. అక్కడి డచ్చివారి సమాధులను చూడటానికి పర్యాటకులు వస్తారు. సంఘచరిత్ర విద్యార్థికి మాత్రం ఆ ఊరు వేరొక కారణమున ముఖ్యము. కెనడా తూర్పు తీరపు బాప్టిస్టులు పంపిన మిషనరీలు తెలుగు నేలపై స్థిరపడిన తొలి కేంద్రాలలో అది ఒకటి. వారు స్వదేశానికి వ్రాసిన ఉత్తరాలు, లెక్కలు, నివేదికలు చూడాలంటే నోవాస్కోషియా రాష్ట్రంలో వుల్ఫ్‌విల్ అను చిన్న పట్టణంలోని అకాడియా విశ్వవిద్యాలయానికి గాని, ఒంటారియో రాష్ట్రం హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ డివినిటీ కళాశాల వద్దనున్న కెనడియన్ బాప్టిస్టు ఆర్కైవ్స్‌కు గాని పోవాలి. బస్సులో పోగలిగిన ఊరి సంఘాన్ని గూర్చి వ్రాయటానికి సముద్రాలు దాటవలసి రావడం మన పరిశోధకుల పరిస్థితి.

అందుచేతనే డాక్టరేటు విద్యార్థులు భాగస్వామ్య విశ్వవిద్యాలయాలకు కొద్ది నెలలు వెళ్ళిరావడం గూర్చి మన సెమినరీలలో తరచు మాట వస్తున్నది. ఇది పైచదువుకు పోవడం వంటిది కాదు. విద్యార్థి నమోదు ఇక్కడే, గైడ్ ఇక్కడే, పట్టా ఇచ్చేది ఇక్కడి విశ్వవిద్యాలయమే లేక సేరంపూరు సెనేటే. అక్కడ దొరికేది గ్రంథాలయపు ప్రవేశము, ఒక ఆచార్యుని సలహా, కూర్చొని చదువుకొనుటకు ఒక బల్ల. కాలము కూడా పరిమితమే. జర్మనీవారి డాడ్ సంస్థ స్వల్పకాల గ్రాంటులు ఒకటి నుండి ఆరు నెలలకు ఉద్దేశించినవి; అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టరల్ ఫెలోషిప్పు ఆరు నుండి తొమ్మిది నెలలు. షెంగెన్ దేశాల స్వల్పకాల వీసా మీద 180 రోజులలో 90 రోజులకు మించి ఉండరాదు గనుక యూరపు ప్రయాణాలు చాలావరకు మూడు నెలలకే కుదురుతాయి. ప్రభుత్వ ధనముతో జె-1 వీసాపై అమెరికా వెళ్ళినవారు తిరిగివచ్చి రెండేళ్ళు స్వదేశంలో గడపనిదే అక్కడ స్థిరనివాసానికి అర్హులు కారు. ఈ నిబంధన తెలియక తరువాత బాధపడినవారున్నారు. నా అభిప్రాయములో సంఘకాపరికి మూడు నెలలు సరియైన కాలము. పెద్దలు, తోటి సేవకులు కలిసి అంతవరకు ప్రసంగపీఠాన్ని నెట్టుకొస్తారు. ఏడాదైతే సంఘము వేరొకరిని వెదుక్కుంటుంది.

ఒప్పందము ఉన్నది గదా అని ధైర్యపడరాదు. రెండు సంస్థల అధ్యక్షులు సంతకాలు చేసిన కాగితంలో స్నేహము గూర్చి చాలా ఉంటుంది, గది అద్దె గూర్చి ఏమీ ఉండదు. బస ఎవరిది, ఆరోగ్య బీమా ఎవరిది, రుసుము ఏమైనా కట్టాలా, ఆర్కైవ్స్ ఆ విశ్వవిద్యాలయపు అధీనంలోనివేనా అను నాలుగు ప్రశ్నలు ఆహ్వానపత్రము రాకముందే అడగాలి. చివరి ప్రశ్న మరీ ముఖ్యము. లండన్ మిషన్ కాగితాలు 1973 నుండి లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్ గ్రంథాలయంలో ఉన్నవి. బ్రిటనులో వేరొక ఊరి కళాశాలతో ఒప్పందమున్న విద్యార్థి రోజూ రైలు చార్జీలకే గ్రాంటు ఖర్చు చేయవలసి వస్తుంది.

ఇక అసలు సంగతి. అక్కడికి పోయి ఏమి చదవాలి? ఇక్కడే ఏమి చదివి ఉండాలి?

కెనడా మిషను ఆరంభమే చూడండి. కాకినాడలో పని మొదలుపెట్టినది కెనడా దేశస్థుడు కాడు. తంతితపాలా శాఖలో ఉద్యోగము వదలుకొన్న థామస్ గాబ్రియేలు అను తెలుగువాడు. ఆయన పిలుపు మీదనే జాన్ మెక్‌లారిన్ 1874లో ఒంటారియో బాప్టిస్టుల పక్షాన కాకినాడ చేరాడు. మరుసటి ఏడు ఆరంభంలోనే గాబ్రియేలు మరణించాడు. తూర్పు తీరపు బాప్టిస్టుల బృందము మొదట సయాంలోని కరెన్ ప్రజల కొరకు బయలుదేరి, అక్కడ అనుకున్నంత అవకాశము కనబడక 1875లో తెలుగు ప్రాంతానికి మళ్ళింది. భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం వారి భాగమయ్యాయి.

ఈ కథ తెలుసుకొనుటకు కెనడా పోనక్కరలేదు. 1878లో ఆరంభమైన స్త్రీల మాసపత్రిక కెనడియన్ మిషనరీ లింక్ సంచికలు కెనడియానా అను డిజిటల్ సంగ్రహంలో ఉన్నవి. 2019 నుండి ఆ సంగ్రహము అందరికీ ఉచితము. బొబ్బిలిలో పనిచేసిన మటిల్డా చర్చిల్ లేఖలు 1916లోనే గ్రంథముగా అచ్చయ్యాయి. అచ్చైన ఈ పత్రికలను ఇక్కడ చదవకుండా వెళ్ళినవాడు అక్కడ కూర్చొని అవే చదువుతాడు. నేను చేసినదీ అదే. ఒక విశ్వవిద్యాలయంలో మొదటి పదిహేను రోజులు వార్షిక నివేదికలు నకలు వ్రాసుకొన్నాను. ఇంటికి వచ్చాక ఒక పాత పాస్టరుగారి బీరువాలో ఆ నివేదికలే కనబడ్డాయి, అట్టలతో సహా.

అక్కడ మాత్రమే దొరికేవి వేరు. చేతివ్రాత ఉత్తరాలు, కమిటీ మినిట్సు, వెనుక పేర్లు వ్రాసియున్న ఛాయాచిత్రాలు. వీటిని చదవటానికి కండ్లు ఇక్కడ సిద్ధపడాలి. మిషనరీ ఉత్తరంలో పల్లెకు పోయిన ప్రతి పయనము వివరముగా ఉంటుంది గాని వెంట నడిచినవాడు "మన సువార్తికుడు", "ఒక బైబిలు స్త్రీ" అని మాత్రమే కనబడతాడు. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజిల విషయములో సువార్తల అనువాదానికి తోడ్పడిన ఆనందరాయర్ పేరు నిలిచింది. ఆ మిషనరీలిద్దరూ 1810 నాటికే కన్నుమూశారు. వారి పనిలోనుండి మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అంత పని అచ్చులో మిగలనివారి పేరు ఎవరు నిలుపుతారు? బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు పుస్తకము, సమాధి రాయి, ముసలమ్మల జ్ఞాపకము నిలుపుతాయి. ఇవన్నీ ఇక్కడే ఉన్నవి. ఫలానా సంవత్సరము ఫలానా పల్లెలో బాప్తిస్మము పొందినవారి పేర్లు చేతిలో ఉంటే, అదే నెల ఉత్తరంలో పేరులేని స్త్రీ ఎవరో ఊహించగలము, ఒక్కొక్కసారి రుజువు చేయగలము. పేర్లు లేకుండా వెళ్ళినవాడు మిషనరీ చూచినదే చూచి, మిషనరీ కథనే తెలుగులో తిరిగి వ్రాస్తాడు. అటువంటి సిద్ధాంత గ్రంథాలు మనకు చాలినన్ని ఉన్నవి.

ఊర్ల పేర్లు కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. కేటలాగులో విశాఖపట్నం విజగపటం, భీమిలి బిమ్లిపటం, శ్రీకాకుళం చికకోల్, కాకినాడ కొకనాడ. తెలుగు భాష పాత కాగితాలలో జెంటూ. ఆనందపురములు ఒకటి కంటే ఎక్కువ గనుక పక్క ఊరి పేరు చూడకుండా మన ఆనందపురమే అనుకోరాదు.

వెళ్ళక తప్పని సందర్భములూ ఉన్నవి. మద్రాసులో తెలుగు నేర్చి బైబిలు అనువాదానికి పూనుకున్న బెంజమిన్ షుల్జ్ 1743లో జర్మనీ తిరిగిపోయి, హల్లేలో తెలుగు అక్షరాలు పోత పోయించి 1746 ప్రాంతంలో చిన్న పుస్తకాలు అచ్చువేయించాడు. ఆ మిషను కాగితాలు హల్లేలోని ఫ్రాంకె సంస్థల ఆర్కైవ్స్‌లో ఉన్నవి. 18వ శతాబ్దపు జర్మను చేతివ్రాత చదవడం ఇంటి దగ్గర కూర్చుంటే రాదు. నేర్పేవారి పక్కన కొన్ని వారాలు కూర్చోవాలి. ఇటువంటి పనికి మూడు నెలలు తక్కువే.

చేరిన తరువాత విషయము తేలికే. కావలసిన పెట్టెల సంఖ్యలు ముందే పంపాలి, చదువు గదిలో పెన్సిలు తప్ప కలము ఉండదు, ఫోటోకు అనుమతి వేరుగా అడగాలి. తీసిన ప్రతి ఫోటోకు పెట్టె సంఖ్య, ఫైలు సంఖ్య అదే సాయంత్రము వ్రాయాలి. వాయిదా వేస్తే ఆ వేల ఫోటోలు ఎక్కడివో మీకే తెలియదు.

బయలుదేరే ముందు ఆర్కైవ్స్ అధికారితో మరొక మాట మాట్లాడండి. తీసిన నకళ్ళను మన సెమినరీ గ్రంథాలయంలో ఉంచవచ్చునా? సొంత చదువుకు ఇచ్చే అనుమతి వేరు, ఇతరులకు చూపుటకు ఇచ్చే అనుమతి వేరు; అది వ్రాతమూలముగా ఉండాలి. వారికి బదులుగా ఇవ్వటానికి మన దగ్గరా ఒకటి ఉంటుంది: మన రిజిస్టర్ల ఫోటోలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని తాకిన రోజు కప్పులు లేచిపోయిన ఇళ్ళలో ఏ కాగితమైనా తడవక తప్పలేదు. మిగిలిన పుస్తకాలను సంఘపు పెద్దల అనుమతితో ఒక్కొక్క పుటగా ఫోటో తీయటానికి ఒక ఫోను, పగటి వెలుగు, రెండు మూడు శనివారాలు చాలు. వీసా అపాయింట్‌మెంటు కొరకు ఎదురుచూచే వారాలలో ఆ పని పూర్తవుతుంది.