వానాకాలంలో వంటింటి సొరుగు ఎందుకు బిగుస్తుంది? చిత్రిక పట్టే ముందు చూడవలసినవేమిటి?

కోల్‌కతా: నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారంలో కోల్‌కతాకు చేరుకుంటాయి. మరికొద్ది రోజులకే నగరంలోని పాత ఇళ్లలో ఒక చిన్న ఇబ్బంది మొదలవుతుంది. వేసవి అంతా సులువుగా జారిన వంటింటి సొరుగు సగం వరకు వచ్చి ఆగిపోతుంది. బలంగా లాగితే ఒక్కసారిగా ఊడి కాళ్లపై పడుతుంది. అందులో కత్తులు, కత్తిపీట ఉంటే అది ఇబ్బందితో పోయేది కాదు. హుగ్లీ తీరాన, రేవును ఆనుకుని ఉన్న వాట్‌గంజ్ వంటి పేటల్లో వర్షాకాలపు సగటు గాలి తేమ 80 శాతం దాటుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల వారికీ ఈ అనుభవం కొత్తది కాదు.

చెక్కకూ నీటికీ ఉన్న సంబంధం వాట్‌గంజ్‌కు పుట్టుకతో వచ్చినది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజినీరుగా పనిచేసిన కర్నల్ హెన్రీ వాట్సన్ 1780 దశకంలో ఇక్కడ ఓడల నిర్మాణ కేంద్రాన్ని నడిపారు. పేటకు ఆయన పేరే స్థిరపడింది. ఆ తరువాత పక్కనున్న కిద్దర్‌పూర్‌లో టేకు ఓడలు తయారయ్యాయి. గోదావరి ముఖద్వారంలోని కోరంగిలోనూ ఒకప్పుడు ఇదే వృత్తి సాగింది. చెక్క ఓడ నీటిలోకి దిగాక పలకలు ఉబ్బి అతుకులు బిగుసుకుంటాయి, నీరు లోపలికి రావడం తగ్గుతుంది. ఓడకు మేలు చేసే ఈ గుణమే సొరుగుకు చేటు తెస్తుంది.

చెట్టును కొట్టి, కోసి, ఆరబెట్టి ఎన్నేళ్లయినా చెక్క గాలిలోని తేమను పీల్చుకోవడం, వదలడం మానదు. గాలి తేమ 60 శాతం ఉన్నప్పుడు చెక్కలో దాని పొడి బరువులో సుమారు 11 శాతం నీరు ఉంటుంది. గాలి తేమ 80 శాతానికి చేరి కొన్ని వారాలు అలాగే నిలిస్తే ఇది 16 శాతం అవుతుంది. టేకు స్థిరమైన కలపగా పేరు పొందింది. అయినా అడ్డంగా కోసిన టేకు పలకలో ఒక శాతం తేమ పెరిగితే వెడల్పు దాదాపు 0.19 శాతం పెరుగుతుంది. అంటే 150 మిల్లీమీటర్ల ఎత్తున్న సొరుగు పక్కపలక అయిదు శాతం తేమ పెరిగితే సుమారు 1.4 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. వడ్రంగి పైన వదిలిన సందు ఒక మిల్లీమీటరే అయితే సొరుగు బిగియక తప్పదు.

ఇక్కడ గమనించవలసిన కీలకాంశం ఒకటుంది. చెక్క అన్ని వైపులా సమానంగా ఉబ్బదు. నార నడిచే దిశలో, అంటే పలక పొడవునా, మార్పు లెక్కలోకి రానంత స్వల్పం. ఉబ్బేదంతా నారకు అడ్డంగానే. సొరుగు పక్కపలకల్లో నార ముందు నుంచి వెనక్కు సాగుతుంది కనుక అవి ఎత్తు పెరుగుతాయి. ముందుపలకలో నార ఎడమ నుంచి కుడికి సాగుతుంది కనుక సొరుగు వెడల్పు పెద్దగా మారదు. కాబట్టి రాపిడి పైనా కిందా ఉంటే తేమను అనుమానించాలి. పక్కలకు రాసుకుంటుంటే కారణం చాలావరకు వేరే: మూల అతుకు వదులై సొరుగు కోణం తప్పడం, బరువుకు అడుగుపలక కుంగి పక్కలను తోయడం, లేదా నేల ఒకవైపు దిగి బీరువా మొత్తం వాలడం. పాత ఇళ్లలో చివరిది అరుదేమీ కాదు. అలాంటప్పుడు సొరుగును ఎంత గీకినా ఫలితం ఉండదు. బీరువా కాలి కింద సన్నని చెక్కముక్క పెట్టి మట్టం సరిచేస్తే చాలు.

రాపిడి ఎక్కడుందో కనిపెట్టడానికి సొరుగును ఖాళీ చేసి పూర్తిగా బయటకు తీయాలి. రాసుకున్న చోట చెక్క నున్నగా మెరుస్తుంది, లేదా నల్లని చార కనబడుతుంది. కనబడకపోతే అంచులకు సుద్దముక్క రుద్ది, రెండుసార్లు లోపలికి, బయటకు జరిపితే సుద్ద చెరిగిన చోటు తెలుస్తుంది. తరువాత సొరుగును రెండు మూడు రోజులు ఫ్యాను గాలికి ఉంచాలి. ఎండలో పెట్టరాదు, ఒకవైపే త్వరగా ఆరి పలక వంగిపోతుంది. ఆరిన తరువాత, రాసుకునే అంచులకు, లోపలి పట్టాలకు కొవ్వొత్తి మైనం గట్టిగా రుద్దితే చాలా సొరుగులు మళ్లీ జారతాయి. ఎండు సబ్బు కూడా పనిచేస్తుంది, అయితే అది తేమను పట్టుకుంటుంది కనుక మైనమే మెరుగు. వంటనూనె మాత్రం వద్దు. నాలుగు రోజుల్లో అది జిడ్డు కట్టి దుమ్మును పోగుచేస్తుంది.

మైనంతో లొంగకపోతే గరుకు కాగితం. అదీ గుర్తు పడిన చోటే, కొద్ది కొద్దిగా, మధ్యమధ్య సొరుగును పెట్టి చూసుకుంటూ. చిత్రిక చివరి మార్గం. వానాకాలంలో, చెక్క పూర్తిగా ఉబ్బి ఉన్నప్పుడు, రెండు మిల్లీమీటర్లు చెక్కేస్తే శీతాకాలంలో అదే సొరుగు వదులై ఊగుతుంది. తీసిన చెక్కను తిరిగి అతికించే ఉపాయం లేదు. పెద్ద పని అనిపిస్తే నవంబరు దాకా ఆగడమే తెలివైన పని. గీకిన చోట బయటపడిన పచ్చి చెక్కకు పలుచగా వార్నిష్ పూయాలి. అది తేమను పూర్తిగా అడ్డుకోదు, రాకపోకలను నెమ్మదింపజేస్తుంది.

కొత్త వంటిళ్లలో పరిస్థితి వేరు. అక్కడ సొరుగులు బాల్ బేరింగులున్న ఇనుప చానళ్లపై నడుస్తాయి. ఒక్కో పక్క దాదాపు 12.7 మిల్లీమీటర్ల సందు ఉంటుంది కనుక చెక్క ఉబ్బినా సాధారణంగా తగలదు. అక్కడ బిగుతుకు కారణం పోపు జిడ్డు, పిండి, తుప్పు, లేదా వదులై తల బయటికి వచ్చిన స్క్రూ. చానల్ పక్కనున్న చిన్న ప్లాస్టిక్ మీటలను, చాలావాటిలో ఒకటి పైకి, మరొకటి కిందికి, నొక్కితే సొరుగు ఊడివస్తుంది. జిడ్డును పొడి గుడ్డతో, పాత పళ్లబ్రష్‌తో తీయాలి. కిరోసిన్ వాడేవారు స్టవ్ ఆపి, కిటికీ తెరిచి, దానిని పొయ్యికి దూరంగా చేయాలి.

చెక్కపొట్టును జిగురుతో అచ్చువేసిన పార్టికల్ బోర్డు సంగతి మరొకటి. టేకు ఆరితే తిరిగి తగ్గుతుంది. పార్టికల్ బోర్డు నీటికి ఉబ్బితే పూర్వ రూపానికి రాదు, ఆ పలకను మార్చవలసిందే. ఇంట్లోని అన్ని సొరుగులూ బాగుండి, సింకు పక్కనున్నది ఒక్కటే బిగిస్తే ముందుగా చూడవలసినది సొరుగును కాదు, దాని వెనుకనున్న గొట్టాన్ని. పొడి కాగితాన్ని గొట్టం అతుకు కింద రాత్రంతా ఉంచితే ఉదయానికి చుక్క పడిందీ లేనిదీ తెలిసిపోతుంది.