గురి కుదిరేది ఎడమచేతిలో

తుపాకీ అనగానే మనకు కుడిచెయ్యీ, ట్రిగ్గరు మీది చూపుడువేలూ గుర్తొస్తాయి. సినిమా హీరో అయితే ఒంటిచేత్తో అలవోకగా పేల్చేస్తాడు. ఎడమచేతి సంగతి ఎవరికి పట్టింది? మా అన్న కూతురు కానిస్టేబుల్ శిక్షణకు వెళ్ళకపోతే నాకూ పట్టేది కాదు.

మాది పాతబస్తీ, లాల్‌దర్వాజా. సెలవు దొరికితే పిల్ల మా ఇంటికే వస్తుంది. ఒకసారి మొహం వేలాడేసుకుని వచ్చింది. పిస్తోలుతో కాల్చిన గుళ్ళన్నీ అట్ట మీద కిందికీ ఎడమకూ పోతున్నాయట. "ఆడపిల్లల చేతుల్లో బలమెక్కడిది?" అని పక్కనెవరో అన్నారట. ఫైరింగులో తప్పితే ఎలాగని దాని బెంగ. ఆ తర్వాత ఒక సీనియర్ మేడం దాని వేళ్ళు పట్టుకుని, ఒక్కొక్కటే సర్ది చూపించిందట. ఈసారి రాగానే దీపావళికి కొన్న పిల్లల ప్లాస్టిక్ తుపాకీ తీసి నా చేతిలో పెట్టింది.

నేను కుడిచేత్తో పట్టుకుని, ఎడమ అరచేతిని పిడి కింద ఆనించాను. "గట్ల కాదత్తమ్మా, అది కప్పూ సాసరూ!" అని ఒకటే నవ్వు. నిజమే, ఇరానీ హోటల్లో చాయ్ పట్టుకున్నట్టే ఉంది. సాసరు కప్పును మోస్తుందే గానీ ఎగరకుండా ఆపదు. గుండు పేలగానే తుపాకీ మూతి పైకి లేస్తుంది, కింద ఉన్న చెయ్యి దాన్నేం చేస్తుంది?

సరైన పద్ధతి ఇదీ. కుడిచేత్తో పిడిని వీలైనంత పైకి పట్టుకోవాలి. అప్పుడు పిడికి ఎడమపక్క, కుడిచేతి వేళ్ళ కొసలకూ అరచేతికీ నడుమ కొంచెం జాగా ఖాళీగా మిగులుతుంది. ఎడమ అరచేతిలో బొటనవేలి కింది కండ సరిగ్గా అక్కడ కూర్చోవాలి. నాలుగు వేళ్ళూ కుడిచేతి వేళ్ళ మీదుగా చుట్టుకోవాలి. పైనున్న ఎడమ చూపుడువేలు ట్రిగ్గరు గార్డుకు కింద ఒత్తుకుని ఉండాలి. బొటనవేళ్ళు రెండూ ఒకే పక్కన, గురి వైపు చూస్తుండాలి. ఎడమ మణికట్టును కాస్త ముందుకు వంచి బిగించాలి. ఎడమ బొటనవేలు మాత్రం పొరపాటున కూడా పిడి వెనక్కి రాకూడదు. పిస్తోలు పై భాగం, స్లైడు అంటారు, పేలినప్పుడల్లా వేగంగా వెనక్కి వస్తుంది. వేలు చీరుకుపోతుంది.

ఇక బిగువు సంగతి. గట్టిగా పట్టుకోవలసింది ఎడమచెయ్యేనట! ఇదెక్కడి విడ్డూరం అనుకున్నాను. మీరూ ఒకసారి చేసి చూడండి. కుడిచేతి చివరి మూడు వేళ్ళనూ గట్టిగా బిగించి, చూపుడువేలు ఒక్కదాన్నే చకచకా ఆడించండి. మొరాయిస్తుంది, మిగతా వేళ్ళను కూడా లాగుతుంది. తుపాకీ మూతి కిందికీ ఎడమకూ వంగేది అందుకే. పట్టు ఎడమచేతికి అప్పగిస్తే కుడి చూపుడువేలు తన పని తాను చేసుకుంటుంది. లాడ్‌బజార్లో గాజులు తొడిగేవాళ్ళను చూశారా? మన చెయ్యిని కదలకుండా ఒక చేత్తో పట్టి ఉంచుతారు, గాజు ఎక్కించే చెయ్యి తేలిగ్గా ఆడుతుంది. పట్టు మార్చాక మా పిల్ల గుళ్ళు అట్ట నడిమికి వచ్చాయి. దాని చేతుల బలం మాత్రం ఏమీ పెరగలేదు.

మగవాళ్ళకైనా ఇది పుట్టుకతో వచ్చిన విద్య కాదు. ఒకప్పుడు పోలీసులూ ఒంటిచేత్తోనే కాల్చేవారు. 1950ల చివర్లో అమెరికాలో జాక్ వీవర్ అనే లాస్ ఏంజెలిస్ పోలీసు డిప్యూటీ పోటీల్లో రెండు చేతులతో పట్టి గెలవడం మొదలుపెట్టాకే తక్కినవాళ్ళ కళ్ళు తెరుచుకున్నాయి. బొటనవేళ్ళు ముందుకు చాపే పట్టు 1980లలో రాబ్ లీథమ్, బ్రయాన్ ఈనోస్ అనే పోటీ షూటర్ల వల్ల ప్రచారంలోకి వచ్చింది.

మరి మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఎడమచెయ్యి వాడదేమని అడుగుతారేమో. 2018లో, 13 ఏళ్ళకే జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ పోటీల నియమమే వేరు, ఒంటిచేత్తోనే కాల్చాలి. అక్కడ వాడే పిస్తోలు వెనక్కి తన్నేదీ తక్కువే. పిడిని కూడా షూటర్ అరచేతికి అతికినట్టు చెక్కించుకోవచ్చు.

ఆడవాళ్ళ కోసమంటూ 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ నుంచి 'నిర్భీక్' రివాల్వర్ వచ్చింది. బరువు అరకిలో, అప్పటి ధర లక్షా ఇరవై వేల పైమాటే. తేలిగ్గా ఉంటే ఆడవాళ్ళకు సుఖమని అనుకున్నారు కాబోలు. హ్యాండ్‌బ్యాగులో మోయడానికి సుఖమే. కానీ ఒకే తూటాకు బరువు తుపాకీ కంటే తేలిక తుపాకీయే ఎక్కువ తన్నుతుంది. పైగా రివాల్వర్లో బొటనవేళ్ళు ముందుకు చాపకూడదు. తూటాలుండే చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నటి సందులోంచి మండే వాయువు పక్కకు చిమ్ముతుంది. అందుకని రివాల్వర్ పట్టినప్పుడు ఎడమ బొటనవేలిని కుడి బొటనవేలి మీదికి మడిచి, కిందికి అదిమి ఉంచాలి.