టర్బో కారు - నీలిపొగ

కారు వెనుకనుండి నీలిపొగ వెలువడినచో ఇంజను ఆయిలు మండుచున్నదని అర్థము. ఇంతవరకు అందరకును తెలిసినదే. ఆ ఆయిలు ఏ సందునుండి జారి మంటలోనికి చేరుచున్నది అనునదే అసలు ప్రశ్న. టర్బో ఉన్న కార్ల విషయమున ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పుకొనుటవలన పెక్కుమంది గృహస్థులు వేలకు వేలు నష్టపోవుచున్నారు. పొగ కనబడినదే తడవుగా "టర్బో పోయిందండీ, మార్చేయాల్సిందే" అని షెడ్డులో తీర్పు వెలువడును. క్రొత్త టర్బో బిగింతురు. కొన్నాళ్లు గడవకుండగనే మరల అదే పొగ. ఇట్లు ఏల జరుగునో, డబ్బు చెల్లించుటకు పూర్వము ఏమేమి పరీక్షింపవలెనో ఈ ప్రసంగమున వివరింతును.

మొదట పొగ రంగును సరిగా చూడవలెను. నీలి రంగునకు కారణము ఆయిలు ఆవిరి చల్లబడి మిక్కిలి సన్నని బిందువులగుటయే. వెలుగులోని నీలి కిరణములను ఈ బిందువులు అధికముగా చెదరగొట్టును. బీడీ కొననుండి లేచు పొగ నీలముగా కనబడుటకును హేతువు ఇట్టిదియే. పాత టూ-స్ట్రోక్ స్కూటర్లు పెట్రోలుతోపాటు ఆయిలును కూడ త్రాగునవి గనుక వానికి ఆ పొగ సహజము. కారునకు సహజము కాదు. అయితే వెలుగైన ఆకాశము వెనుక ఉన్నప్పుడు ఈ పొగయే గోధుమవన్నెగా కనబడి మోసగించును. చెట్టునీడయో, నల్లని గోడయో వెనుక ఉండునట్లు కారును నిలిపి చూచినచో నీలము తేటపడును. నల్లపొగ ఆయిలుది కాదు. గాలి చాలక డీజిలు పూర్తిగా మండలేదని అది చెప్పును. టర్బోనుండి ఇంజనుకు గాలి తెచ్చు రబ్బరు గొట్టము చినిగినను నల్లపొగయే వచ్చును. ఇక తెల్లపొగ: చలికాలపు ఉదయమున వచ్చి కొద్దిసేపటిలో మాయమైనచో అది వట్టి నీటియావిరి. ఇంజను వేడెక్కిన తరువాత కూడ విడువక వచ్చుచు, తియ్యని వాసన కొట్టినచో కూలెంటు మండుచున్నదని అనుమానింపవలెను. అది వేరొక వ్యాధి.

టర్బో అనగా ఒకే ఇరుసునకు రెండు కొనలయందు బిగించిన రెండు చిన్న చక్రములు. ఇంజను విడిచిన వేడి వాయువు సైలెన్సరునకు పోవుచు ఒక చక్రమును త్రిప్పును. రెండవ చక్రము దానితో తిరిగి, బయటి గాలిని ఒత్తి ఇంజనులోనికి నెట్టును. వ్యర్థముగ పోవు శక్తినే వాడుకొను ఈ ఉపాయమునకు 1905లో స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి పేటెంటు పొందెను. 1962లో అమెరికాలోని ఓల్డ్స్‌మొబైల్, షెవ్రొలే సంస్థలు దీనిని కార్లలోనికి తెచ్చినవి. 1978లో మెర్సిడెస్-బెంజ్ డీజిలు కారునకు జోడించినది. ఈనాడు మన వీథులలో తిరుగు డీజిలు కార్లలో టర్బో లేనిది దొరకుట అరుదు. పెట్రోలు కార్లలో కూడ చిన్న ఇంజనుకు టర్బో తగిలించుట సామాన్యమైనది.

ఆ చిన్న ఇరుసు నిమిషమునకు లక్ష, రెండు లక్షల చుట్లు తిరుగును. ఇంత వేగమును తట్టుకొనుటకై అది ఆయిలు పొరమీద తేలియాడుచుండును. పంపు ఒత్తిడితో సన్నని గొట్టముగుండ ఆయిలు లోనికి వచ్చును. పని ముగించుకొని, తన బరువుచేతనే లావుపాటి గొట్టముగుండ క్రిందనున్న సంపులోనికి దిగిపోవును. ఇరుసు కొనలయందు ఆయిలును ఆపునవి రబ్బరు సీళ్లు కావు. వందల డిగ్రీల వేడిలో రబ్బరు నిలువదు. అచ్చట ఉండునవి పిస్టన్ రింగులను పోలిన సన్నని లోహపు రింగులు. అవి మూతవలె గట్టిగా మూయవు. చక్రములవైపున ఉన్న వాయువుల ఒత్తిడియు, దిగుగొట్టపు సాఫీదనమును తోడైనప్పుడు మాత్రమే అవి ఆయిలును ఆపగలవు. ఈ సంగతి గ్రహించినచో నీలిపొగ కథలో సగము తెలిసినట్లే.

వానకాలమున వీథి కాలువ పొంగినప్పుడు పెరటి తూములోని నీరు వెనుకకు తన్ని ముంగిటిలోనికి వచ్చును గదా! అప్పుడు తూమునకు క్రొత్త రాయి పొదిగించిన ఫలమేమి? టర్బో సంగతియు అంతే. దిగుగొట్టము మసికట్టి ఇరుకైనను, నలిగినను, క్రింద సంపులో ఒత్తిడి పెరిగినను, ఆయిలు దిగుటకు దారి లేక రింగుల ప్రక్కలనుండి రెండువైపులకు చిమ్మును. ఒకవైపునకు పోయినది సైలెన్సరులోను, రెండవవైపునకు పోయినది ఇంజనులోను మండి పొగయగును. విప్పి చూచువారికి టర్బో ఆయిలుతో తడిసి కనబడును. నేరము మాత్రము దానిది కాదు.

సంపులో ఒత్తిడి ఏల పెరుగును? పిస్టన్ రింగులు అరిగినచో మండిన వాయువు వాని ప్రక్కగా జారి క్రిందికి దిగును. వాడుకలో దీనినే ఇంజను బోరుకు వచ్చినదందురు. అట్లు కాక, ఆ వాయువును బయటికి విడువవలసిన బ్రీదరు గొట్టమో, దాని వాల్వో మడ్డితో పూడిపోవచ్చును. మొదటిదానికి ఖర్చు భారీ, రెండవదానికి స్వల్పము. నా బంధువు ఒకరి డీజిలు కారునకు ఒక షెడ్డులో టర్బో మార్చిరి. మూడు వారములలో పొగ మరల మొదలైనది. వేరొక వృద్ధ మెకానికు ముందుగా బ్రీదరు గొట్టమును విప్పి, అందులోనుండి నల్లని మడ్డిని పుల్లతో తీసి చూపించెను. గొట్టము మార్చిన తరువాత కారు పొగ మానినది. పాత టర్బో అప్పటికే తూకమునకు పోయినది.

పొగ వచ్చు వేళలు కూడ సాక్ష్యము చెప్పును. రాత్రియంతయు నిలిపి ఉదయమున స్టార్టు చేయగానే ఒక్క గుప్పెడు నీలిపొగ వచ్చి ఆగిపోయినచో, వాల్వు సీళ్లు గట్టిపడి రాత్రి ఆయిలు బొట్లు బొట్లుగా క్రిందికి జారినదని ఊహింపవచ్చును. పెట్రోలు కారులో తిరుమల కొండ దిగునప్పుడు చిన్న గేరులో యాక్సిలరేటరు విడిచి వచ్చి, క్రింద మరల నొక్కగానే పొగ కనబడినను అనుమానము వాల్వు సీళ్లమీదనే. సిగ్నలువద్ద చాలసేపు ఆగి కదలునప్పుడు పొగ దట్టముగా వచ్చి, వేగము పుంజుకొనినపిమ్మట తగ్గినచో టర్బో వేడివైపు చక్రమును పరీక్షింపవలెను. ఇంజను నిలుకడగా తిరుగుచుండగా అచ్చట వాయువు ఒత్తిడి తగ్గి ఆయిలు చేరును. కదిలినప్పుడు అది మండును. బరువు లాగుకొలది పొగ పెరుగుచు, ఆయిలు మూత తీసినప్పుడు లోనుండి గాలి బలముగా తన్నినచో పిస్టన్ రింగులు అరిగినవని భావింపవచ్చును. ఇవి అనుమానములే గాని తీర్పులు కావు.

తీర్పు చెప్పునది ఒక చిన్న పరీక్ష. ఇంజనును చల్లారనిచ్చి, టర్బోకు ముందున్న ఎగ్జాస్టు గొట్టమును, తరువాతి గొట్టమును విప్పి చూపుమని మెకానికును కోరవలెను. ముందు గొట్టము పొడిగానుండి వెనుకది తడిసియున్నచో ఆయిలు టర్బో వేడివైపునుండి కారుచున్నది. ముందు గొట్టమే ఆయిలుతో తడిసియున్నచో అది ఇంజనునుండియే వచ్చుచున్నది. అప్పుడు గాలివైపు చూడవలెను. ఇంటర్‌కూలరు గొట్టములో పలుచని ఆయిలు పూత ఉండుట మామూలే. అది బ్రీదరునుండి వచ్చును. గొట్టమును వంచినప్పుడు ఆయిలు ధారగా కారినచో మాత్రము లోపమున్నట్లే. ఎయిరు ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయినను టర్బో గాలివైపున పీల్పు పెరిగి ఆయిలును లాగును గనుక, టర్బోను నిందించుటకు ముందు ఫిల్టరును మార్చి చూడవచ్చును. గాలివైపున ఏమియు లేనిచో సిలిండర్ల కంప్రెషను పరీక్ష చేయింపవలెను.

ఇరుసును వ్రేళ్లతో కదిపి "ఆడుచున్నది చూడండి" అని చూపువారు కలరు. ఆయిలు పొరమీద తేలవలసిన ఇరుసు, ఆయిలు లేనప్పుడు ప్రక్కకు కొంచెము ఆడుట సహజము. ముందువెనుకలకు ఆడినను, చక్రపు రెక్కలు చుట్టునున్న గోడను రాచినట్లు గీతలున్నను అప్పుడు భయపడవలెను.

డిప్‌స్టిక్కు చూచుట ఎవరికివారు చేసికొనగల పని. సమతలమున కారు నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు చూడవలెను. ఆయిలు తక్కువైనచో చింతించువారు ఎక్కువైనచో సంతోషింతురు, అది పొరపాటు. గీత దాటి పోసిన ఆయిలును క్రాంకుషాఫ్టు చిలికి నురుగు చేయును, టర్బో దిగుగొట్టమునకు అడ్డుపడును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బీఎస్-6 డీజిలు కార్లలో మరియొక చిక్కు కలదు. వానిలో మసిని పట్టు ఫిల్టరు ఉండును. ఊరిలో చిన్న చిన్న ప్రయాణములే చేయువారి కార్లలో ఆ ఫిల్టరును కాల్చి శుభ్రపరచు ప్రయత్నమున కొంత డీజిలు ఆయిలులో కలసి, మట్టము తనంతట తానే పెరుగును. పైగా ఈ ఫిల్టరు నీలిపొగను కొంతకాలము దాచిపెట్టును. కంటికి పొగ కనబడకున్నను ఆయిలు తరుగుచునే యుండును, దాని బూడిద ఫిల్టరును పూడ్చుచునే యుండును. కావున ఎన్ని కిలోమీటర్లకు ఎంత ఆయిలు పోసితిమో ఒక పుస్తకములో వ్రాసికొనుట పొగకంటె నమ్మదగిన గురుతు.

డీజిలు కారులో ఈ వ్యాధిని ఉపేక్షించినచో ప్రాణాపాయము కూడ కలదు. గాలివైపునకు ఆయిలు విపరీతముగా కారినప్పుడు ఇంజను ఆ ఆయిలునే ఇంధనముగా త్రాగి, తనంతట తానే విజృంభించును. తాళపుచెవి త్రిప్పినను ఆగదు, ఏలయనగా డీజిలు ఆగినను ఆయిలు ఆగదు. గేర్లు చేతితో మార్చు కారైనచో పెద్ద గేరులో వేసి, బ్రేకును పూర్తిగా అదిమిపట్టి, క్లచ్చి ఒక్కసారిగా విడిచి ఇంజను ఆపవలెను. ఆటోమేటికైనచో అందరును దిగి దూరముగా పోవుటయే మేలు. గాలి గొట్టమును అరచేతితో మూయుటకు ఎవ్వరును సాహసింపరాదు.

టర్బో నిజముగనే చెడినదని తేలినప్పుడు, అది ఏల చెడినదో మెకానికును అడిగి తీరవలెను. మాడిన ఆయిలు, పూడిన ఆయిలు గొట్టము, సంపులోని జల్లెడ మూసికొనుట - ఈ మూడును చూడనిదే క్రొత్తది బిగింపనీయరాదు. ఆయిలును, ఆయిలు ఫిల్టరును మార్చి, రెండు గొట్టములను శుభ్రపరచి, స్టార్టు చేయుటకు ముందే టర్బోలో కొంత ఆయిలు పోయవలెను. దిగుగొట్టపు అతుకువద్ద సీలింగు పేస్టు అధికముగా పూసినచో అది లోనికి ఉబ్బి దారిని మూయును. ఇంటర్‌కూలరులో నిలిచిన పాత ఆయిలును కూడ కడిగింపవలెను. లేనిచో డీజిలు ఇంజను దానిని త్రాగి విజృంభించు ప్రమాదము మిగిలియే యుండును. సైలెన్సరులో అంటుకొనిన ఆయిలు మాత్రము కడుగుటకు వీలుకాదు. అది మండి హరించువరకు కొంతదూరము పొగ వచ్చుచునే యుండును. అది దినదినము పలుచబడుచున్నంతకాలము కంగారుపడి క్రొత్త టర్బోను మరల విప్పింపవలసిన పని లేదు.