తిట్టిపోసిన బీడుకే తిరిగి మొక్కాడు!
- నాలుగు మైదానాలు గెలిచిన వకీలు కథ
- ఊరుమ్మడి భూమిని దక్కించుకున్న ఊరి కథ

సముద్రం ఒడ్డున ఇసుక బీడు. అందులో లోతైన గొయ్యి. ఆ గోతిలో పందొమ్మిదేళ్ళ కుర్రాడు. చేతిలో కర్ర, కాళ్ళ దగ్గర చిన్న తెల్లబంతి. దెబ్బమీద దెబ్బ వేస్తున్నాడు. బంతి మాట వినటం లేదు. మొహం జేవురించింది. చివరకు ఆట మధ్యలోనే వదిలేశాడు. లెక్క రాసుకునే చీటీ చింపి పారేశాడు. ఇదీ ఒక మైదానమేనా అని విసుక్కున్నాడు.

ఇది 1921లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్నంలో జరిగిన సంగతి. ఆ కుర్రాడు అమెరికా వాడు. పేరు బాబీ జోన్స్. సరిగ్గా 37 ఏళ్ళ తర్వాత, 1958లో, అదే మనిషి అదే ఊరికి ఊతకర్రల మీద వచ్చాడు. తన బతుకులోంచి ఈ ఊళ్ళో గడిపిన రోజులు తప్ప మిగతావన్నీ తీసేసినా తనది నిండు బతుకేనని నిండుసభలో చెప్పాడు. విన్నవాళ్ళకు కళ్ళు చెమర్చాయి.

తిట్టిన నోటితోనే ఎందుకు పొగిడాడు? మధ్యలో ఏం జరిగింది?

గుంటలోకి బంతి

ఆ సంగతి తెలియాలంటే ముందు ఆట తెలియాలి. గోల్ఫ్ అంటే పెద్ద చిక్కేమీ లేదు. మన పిల్లలు బిళ్ళంగోడు ఆడినట్టే కర్రతో కొట్టుకుంటూ పోవటమే. కాకపోతే ఇక్కడ బిళ్ళకు బదులు బంతి. దూరాన నాలుగుంపావు అంగుళాల వెడల్పు గుంట ఉంటుంది. బంతిని అందులో పడెయ్యాలి. అలాంటి గుంటలు పద్దెనిమిది. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వారిదే గెలుపు.

మిగతా ఆటలకూ దీనికీ ఒక తేడా ఉంది. కబడ్డీ బరి ఎక్కడైనా ఒక్క కొలతే. గోల్ఫుకు అలా కాదు. ఒక మైదానంలో చెట్లు, ఇంకొక దానిలో చెరువు, మరొక దానిలో ఇసుక గోతులు. ఏ ఊరి నేల ఆ ఊరిదే. అందుకే గోల్ఫ్ ఆడేవాడు ఎదుటి మనిషితో కంటే నేలతోనే ఎక్కువ పోరాడతాడు. కొత్త చేలో అరక కట్టిన రైతుకు ఆ నేల గుణం తెలియటానికి నాలుగు కార్లు పట్టినట్టే, ఆటగాడికి మైదానం గుణం తెలియటానికీ ఏళ్ళు పడుతుంది.

సరదాకు ఆడిన వకీలు

బాబీ జోన్స్ 1902లో అమెరికాలోని అట్లాంటా నగరంలో పుట్టాడు. చిన్నప్పుడు ఎప్పుడూ రోగమే. ఊరి చివర ఈస్ట్ లేక్ అనే మైదానం పక్కన వాళ్ళ కుటుంబానికి వేసవి ఇల్లుండేది. అక్కడ ఆట నేర్పే స్కాట్లండు గురువు స్టూవర్ట్ మెయిడెన్ వెంట తిరిగి, ఆయన కొట్టే తీరు చూసి చూసి కుర్రాడు ఆట పట్టేశాడు. పద్నాలుగో ఏటనే, 1916లో, ఫిలడెల్ఫియా దగ్గరి మెరియన్ మైదానంలో అమెరికా అమెచ్యూర్ పోటీకి దిగాడు.

అమెచ్యూర్ అంటే డబ్బుకోసం కాక సరదాకు ఆడేవాడు. జోన్స్ పోటీల్లో ఉన్నన్నాళ్ళూ గెలుపు సొమ్ము ముట్టలేదు. ఇంజనీరింగు చదివాడు, ఇంగ్లీషు సాహిత్యం చదివాడు, ఆ పైన లా చదివి వకీలయ్యాడు. కూడు పెట్టేది కోర్టు. ఆట తీరిక వేళల్లోనే.

చిన్నతనంలో ఒళ్ళు తెలియని కోపం. దెబ్బ తప్పితే కర్ర విసిరేసేవాడు. సెయింట్ ఆండ్రూస్ గోతిలో చీటీ చింపింది కూడా ఆ కోపంతోనే. తర్వాత సిగ్గుపడ్డాడు. ఆ రోజు నుంచి మనిషి మారాడు.

ఎంత మారాడంటే, 1925లో అమెరికా ఓపెన్ పోటీలో ఆయన కర్ర పెట్టేసరికి గడ్డిలో బంతి కాస్త కదిలింది. ఎవరూ చూడలేదు. తానే చెప్పి తన లెక్కలో ఒక దెబ్బ అదనంగా వేయించుకున్నాడు. ఆ పోటీ సమానంగా ముగిసి, మళ్ళీ ఆడితే ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. నిజాయితీ మెచ్చుకున్న వాళ్ళతో, బ్యాంకు దోచుకోనందుకు మనిషిని మెచ్చుకుంటారా అన్నాడు.

నాలుగు మైదానాలు, నాలుగు పరీక్షలు

సెయింట్ ఆండ్రూసుకు 1927లో తిరిగి వచ్చాడు. ఈసారి నేలమీద అలగలేదు. గాలి ఎటు వీస్తోంది, బంతి పడ్డాక ఎటు దొర్లుతుంది అని ముందే ఆలోచించి ఆడాడు. నాలుగు విడతల్లో 285 దెబ్బలు. ఆనాటికి ఆ పోటీలో అదే రికార్డు. గెలిచిన కప్పును అమెరికా తీసుకుపోకుండా అక్కడే ఉంచమన్నాడు. ఊరివాళ్ళ మనసు దోచుకున్నాడు.

ఇక 1930. ఒకే ఏడాదిలో నాలుగు పెద్ద పోటీలు, నాలుగు మైదానాలు.

మొదటిది సెయింట్ ఆండ్రూసులోనే, బ్రిటిష్ అమెచ్యూర్. అది గెలిచాడు. రెండోది ఇంగ్లండులో హోయ్‌లేక్. ఒకప్పుడు గుర్రప్పందాలు జరిగిన చోటు. చివరిరోజు ఎనిమిదో గుంట దగ్గర బంతి దాదాపు చేరువకు వచ్చాక కూడా అయిదు దెబ్బలు దండగ చేశాడు. అయినా నిలదొక్కుకుని రెండు దెబ్బల తేడాతో బయటపడ్డాడు.

మూడోది అమెరికాలో మినియాపోలిస్ దగ్గర ఇంటర్‌లాకెన్. మండే ఎండ. అక్కడ చెరువు మీదుగా కొట్టిన బంతి గురి తప్పి నీళ్ళలో పడబోయింది. పిల్లలు పెంకు విసిరితే కప్పగంతులు వేసినట్టు, బంతి నీళ్ళమీద ఎగిరి ఆవలి గట్టున పడింది. నాలుగోది మెరియన్. పద్నాలుగేళ్ళప్పుడు మొదలుపెట్టిన చోటనే ఆట ముగించాడు. నాలుగూ గెలిచాడు. ఒకే ఏడాది ఆ నాలుగూ గెలిచిన మనిషి ఆయన తప్ప మరొకడు లేడు. వయసు 28. ఇక చాలునని పోటీలకు దణ్ణం పెట్టేశాడు.

మంచి మైదానం అంటే?

ఇన్ని నేలలు తొక్కిన మనిషిని అన్నిటికంటే ఏది మేలు అని అడిగారు. బతికినన్నాళ్ళూ ఒకే మైదానంలో ఆడమంటే సెయింట్ ఆండ్రూస్ పాత మైదానమే కోరుకుంటానన్నాడు. తిట్టిపోసింది దాన్నే!

కారణం ఉంది. ఆ మైదానాన్ని ఎవరో ఇంజనీరు గీత గీసి కట్టలేదు. సముద్రానికీ సాగుభూమికీ నడుమ పంటకు పనికిరాని ఇసుక పర్ర అది. గొర్రెలు మేసి గడ్డి పొట్టిగా ఉంచాయి. ఇసుక గోతులు 112 ఉన్నాయి. ఒక గోతి పేరు నరకం, మరికొన్నిటి పేరు శవపేటికలు! వాగుమీద చిన్న రాతివంతెన ఉంది. గొర్రెల కాపరులు మందను దాటించుకోవటానికి కట్టుకున్నదే అది.

చూసేందుకు అక్కడ అందమేమీ కనిపించదు. అయితే దారి వెడల్పు. చేతకానివాడు పక్కగా సులువైన దారిన పోవచ్చు. గట్టివాడు దగ్గరిదారి పట్టి గోతులకు తెగించాలి. పెద్దకూ చిన్నకూ అదే నేల సరిపోతుంది. ఎక్కువ మందికి సంతోషమిచ్చేదే మంచి మైదానం అని జోన్స్ తేల్చిన లెక్క.

ఆ లెక్క ప్రకారమే తానూ ఒకటి కట్టించాడు. 1929లో కాలిఫోర్నియాలో ఒక పోటీలో మొదటి ఆటలోనే ఓడిపోయి ఖాళీగా ఉన్నప్పుడు, చుట్టుపక్కల మైదానాలు ఆడి చూశాడు. అవి కట్టిన అలిస్టర్ మెకంజీ పని నచ్చింది. మెకంజీ వృత్తికి డాక్టరు. యుద్ధంలో కందకాలు కనబడకుండా దాచే విద్య నేర్చి, దాన్ని మైదానాల్లో వాడినవాడు. ఇద్దరూ కలిసి జార్జియాలోని ఆగస్టాలో ఒక పాత మొక్కల తోటను 365 ఎకరాలు తీర్చిదిద్దారు. ఇప్పటికీ అక్కడ ప్రతి గుంటకూ ఒక చెట్టు పేరో పువ్వు పేరో ఉంటుంది. అది 1933లో తెరిచారు. 1934 నుంచి పోటీ జరుగుతోంది. ఇప్పుడు మాస్టర్స్ అంటే లోకమంతా చూస్తుంది.

అయితే ఆ గేటు అందరికీ తెరుచుకోలేదు. అక్కడ సంచులు మోసింది నల్లవాళ్ళు. ఆ పోటీలో ఆడటానికి మొదటి నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్‌కు 1975 దాకా పట్టింది. సభ్యుడిగా నల్లవాణ్ణి చేర్చుకున్నది 1990లో, ఆడవాళ్ళను చేర్చుకున్నది 2012లో. సెయింట్ ఆండ్రూస్ నుంచి నేల వాటం పట్టుకెళ్ళగలిగారు గాని, ఊరుమ్మడి గుణం పట్టుకెళ్ళలేకపోయారు.

కుందేళ్ళ గొడవ

ఆ ఉమ్మడి గుణం కూడా ఊరికే నిలవలేదు. సెయింట్ ఆండ్రూస్ బీడులో కుందేళ్ళు పెంచుకోవటానికి 1552లోనే అనుమతి ఉంది. కాని అక్కడ ఆడుకునే హక్కు ఊరి జనానిదేనని ఆ కాగితంలోనే రాసుకున్నారు. 1797 నాటికి ఊరి పాలకమండలి అప్పుల్లో మునిగింది. బీడు చేతులు మారి కుందేళ్ళ వ్యాపారుల పాలయింది. కుందేళ్ళు బొరియలు తవ్వి నేలంతా గుల్ల చేశాయి. జనం ఊరుకోలేదు. కుందేళ్ళను తరిమారు, చంపారు, కోర్టుకెక్కారు. గొడవ ఇరవై ఏళ్ళకు పైగా నడిచింది. 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి ఆ భూమి కొని ఆటకు వదిలాడు. 1894లో పార్లమెంటు చట్టం ద్వారా ఊరే దాన్ని తిరిగి కొనుక్కుంది. 1974 నుంచి ఒక ట్రస్టు నడుపుతోంది.

ఇప్పటికీ ఆ మైదానం గుండా ఊరివాళ్ళ బాట పోతుంది. పెద్ద పోటీలప్పుడు తప్ప ఆదివారం ఆట బందు. ఆరోజు పిల్లలూ పెద్దలూ కుక్కల్ని వెంటబెట్టుకుని గడ్డిమీద షికారు తిరుగుతారు. కోటీశ్వరుడైనా ఆరోజు కర్ర పట్టి దిగటానికి లేదు.

చివరి రాక

జోన్స్ 1936లో చెప్పాపెట్టకుండా సరదాకు ఒక ఆట ఆడుకుందామని ఆ ఊరు వెళ్ళాడు. కబురు గుప్పుమంది. కొట్లు మూసి వేలాది మంది మైదానం చేరారు. పోటీ లేదు, కప్పు లేదు. తమ మనిషి వచ్చాడని, అంతే.

1948 నుంచి ఆయనకు వెన్నుపాము జబ్బు పట్టుకుంది. రెండుసార్లు ఆపరేషన్ చేసినా నయం కాలేదు. కర్ర పట్టిన చేతులు ఊతకర్ర పట్టాయి. 1958లో సెయింట్ ఆండ్రూస్ తమ ఊరి పౌరుడిగా ఆయనను గౌరవించింది. అంతకుముందు ఆ గౌరవం పొందిన అమెరికావాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, అదీ 1759లో. సభ ముగిసి ఆయన వెళుతుంటే, మళ్ళీ రావా అని అడిగే పాత స్కాచి పాట జనం ఎత్తుకున్నారు. ఆయన మళ్ళీ వెళ్ళలేకపోయాడు. 1971లో కన్నుమూశాడు. ఆ పాత మైదానంలో పదో గుంటకు ఆయన పేరే పెట్టారు. ఆయన చీటీ చింపిన గుంట దాని పక్కదే.

గోల్ఫు మన దేశానికీ కొత్త కాదు. కలకత్తాలో 1829 నుంచీ ఉంది. హైదరాబాదులో, విశాఖలో మైదానాలున్నాయి. పల్లెల్లో ఆ ఆట ఆడేదెవరు, చూసేదెవరు అనవచ్చు. నిజమే. కాని పశువుల బీడు లేని ఊరు లేదు, దాని మీద కన్ను పడని ఊరూ లేదు. పంట పండని పర్ర ఎందుకు, ఎవరికో ఒకరికి రాసిచ్చేద్దామని సెయింట్ ఆండ్రూసు పెద్దలు కూడా అనుకున్నారు. జనం పట్టుబట్టి నిలుపుకున్నారు. ఆ పర్రకే ఇవాళ లోకం నలుమూలల నుంచీ జనం కదలివస్తున్నారు.