అంచెలంచెలుగా మారు గేరు

తెల్లవారుజామున మొదటి షిఫ్టునకై గోదావరిఖని కాలనీలనుండి బొగ్గుబావుల దిక్కునకు బారులు తీరి సాగు మోటారుసైకిళ్లలో దాదాపు ప్రతిదానియందును, పందెపు కార్లకే చెల్లునని పలువురు తలచు, గేరులు వరుసగా ఒక్కొక్కటిగానే మారు సీక్వెన్షియల్ గేరుబాక్సు అమరియున్నదని చెప్పినచో వినువారు మొదట నమ్మకపోవచ్చును. అయినను అది సత్యము. గని కార్మికుని యెడమకాలి క్రిందనున్న ఆ పెడల్ వెనుక నెంతటి నేర్పు దాగియున్నదో ఎరుంగుట మనకు అవసరమని నా యభిప్రాయము.

మెల్లగా తిరుగునపుడు ఇంజనునకు బలము చాలదు. కావున నిలిచియున్న బండిని కదలింపవలెనన్న, ఇంజను పెక్కు పర్యాయములు తిరిగి చక్రమును కొంచెముగా త్రిప్పవలెను. 12 పండ్ల చక్రము 36 పండ్ల చక్రమును త్రిప్పినచో వేగము మూడవవంతునకు తగ్గి, త్రిప్పుబలము ఇంచుమించు మూడింతలగును. గేరులన్నియు ఇట్టి జంటలే.

ఈ జంటలు గేరుబాక్సులో రెండు సమాంతరపు ఇరుసులపై అమరియుండి, ఎల్లవేళల ఒండొంటితో కలిసియే యుండును. అయినను ప్రతి జంటయందును ఒక చక్రము తన ఇరుసును పట్టుకొనక దానిపై ఊరక తిరుగుచుండును గావున, న్యూట్రల్‌లో ఏ జంటయు బలమును మోయదు. ఇరుసుతోపాటు తిరుగుచు దానిపై అటునిటు జరుగగల మరియొక చక్రము, తన ప్రక్కభాగమునందలి మొద్దు పండ్లను ఆ ఊరక తిరుగు చక్రమునందు జొనిపి దానిని ఇరుసునకు బంధించినపుడే గేరు పడును. పెడల్ నొక్కగనే వినవచ్చు ‘ఠక్కు’ మను ధ్వని ఆ పండ్లు తగులుకొనిన ధ్వనియే.

ఆ చక్రమును జరుపునది ఫోర్కు. ఫోర్కులను నడుపునది షిఫ్టు డ్రమ్ము. ఈ యంత్రమున నన్నిటికంటె నేను మెచ్చునది ఈ డ్రమ్మునే. దాని యొడలిపై వంకరలు తిరిగిన గాళ్లలో ఫోర్కుల కొనలు ఇమిడియుండుటచే, డ్రమ్ము తిరిగిన కొలది అవి అటునిటు జరుగును. పెడల్ నొక్కిన ప్రతి పర్యాయమును ఒక కొక్కెము డ్రమ్మును ఒక్క అంచె మాత్రమే త్రిప్పి తన చోటికి మరలివచ్చును. స్ప్రింగుచే నొత్తబడు చిన్న రోలరు డ్రమ్మును ఆ యంచెయందు నిలుపును. క్రొత్త గేరు పడులోపల పాత గేరు వీడునట్లు గాళ్లు మలచబడియున్నవి. ఏలయన రెండు గేరు లొక్కసారి పడినచో ఇరుసులు బిగుసుకొని చక్రము స్తంభించును. కారు నడుపువాడు గేరురాడ్డుతో నాలుగవదానినుండి నేరుగా రెండవదానికి రాగలడు. మోటారుసైకిలుదారుడు మాత్రము మూడవదానిని దాటియే రావలెను.

మన యూరి ఆటోలో డ్రైవరు ఎడమచేతి పిడిని త్రిప్పి గేరు మార్చును గనుక, పిడి యున్న తీరే గేరు నెరింగించును. కాలి పెడల్ ఎల్లప్పుడు యథాస్థానమునకే వచ్చుటచే దానివలన అట్టి సూచన లేదు. అందులకే న్యూట్రల్‌కు పచ్చదీపము. పాత బుల్లెట్టు బండ్లకు, పై గేరులనుండి ఒక్క నొక్కుతో న్యూట్రల్‌కు వచ్చుటకు ప్రత్యేకముగా మరియొక మీట యుండెడిది.

ఒక్కొక్క నొక్కునకు ఒక్క గేరే మారు కాలిమీటను 1920ల చివర ఇంగ్లండునందలి వెలోసెట్ సంస్థవారు పందెపు మోటారుసైకిళ్లకై సిద్ధపరచిరి. పందెపు కార్ల ప్రపంచమున స్టీరింగు వెనుకనున్న రెక్కలను లాగి వరుసగా గేరులు మార్చు ఫెరారీ కారు, 1989లో నైజెల్ మాన్సెల్ నడుపగా బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో తన మొదటి పోటీయందే గెలుపొందినది. పేరు కార్లకు దక్కినను, పూర్వత్వము మోటారుసైకిలుదే.

ఇక ఈ యంత్రధర్మమునుండి పుట్టు ఒక జాగ్రత్తను చెప్పవలసియున్నది. నాలుగవ గేరులోనే బండి నాపినచో, ఇరుసులు నిలిచిపోవుటచే పండ్లు ఎదురెదురుగా తగిలి లోనికి జొరవు, డ్రమ్ము తిరుగదు, అప్పుడు బండిని ముందువెనుకలకు ఊపుచు గేరులు దింపుకొనవలసివచ్చును. వెనుక బొగ్గులారీ వచ్చుచుండగా రాజీవ్ రహదారిపై ఆ పాట్లు పడుట ప్రాణాపాయము. కావున చౌరస్తా కనబడినంతనే, చక్రములు తిరుగుచుండగనే, క్లచ్చు పట్టి ఒక్కొక్క గేరునే దింపుకొనుచు వచ్చి ఆగుడని, షిఫ్టు ముగించి యలసి యిండ్లకు మరలు సోదరులను మరీమరీ వేడుచున్నాను.