నూటికెంత? దేనిమీద?



బ్యాంకు కొలువులకును రైల్వే కొలువులకును జరుగు పోటీపరీక్షలలో శాతపు లెక్కలు తరచుగా వచ్చుచుండును. అవి చదువుకొను పిల్లల గొడవయని మనము ఊరకుందుము. కాని కౌలు, వడ్డీ, ధర, వీనియందెల్ల నున్నది ఆ లెక్కయే.

శతమనగా నూరు. రూపాయి వడ్డీ యనగా నూరు రూపాయలకు నెలకొక రూపాయి. ఏటికి నూటికి 12. ఇది మన పెద్దలెరిగిన త్రైరాశికమే. భాస్కరాచార్యుడు 1150వ సంవత్సరమున రచించిన లీలావతిలో దీనిని చెప్పినాడు. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ యని రాశులు మూడు. ఇచ్ఛను ఫలముచే గుణించి ప్రమాణముచే భాగింపవలెను. హెచ్చుతగ్గుల లెక్కలో మొదటి మొత్తము ప్రమాణము, మార్పు ఫలము, నూరు ఇచ్ఛ. 40 రూపాయల వస్తువు 50 అయినచో మార్పు 10. దానిని నూటిచే గుణించి 40చే భాగింపగా 25 వచ్చును. 50చే భాగించుట పొరపాటు.

ప్రమాణమును మరచినచో నేమగునో స్వానుభవముచే చెప్పెదను. మా యూర నొక వితంతువునకు పొలముపై వచ్చు కౌలే జీవనాధారము. ఏటికి 12,000 రూపాయలుగా నున్న కౌలు నూటికి 25 పెరిగి 15,000 అయ్యెను. మరుసటియేట వానలు లేక పైరెండిపోయెను. పాతకౌలునకే వత్తమని యిరువురును సమ్మతించి నాయొద్దకు వచ్చిరి. పెంచినది నూటికి 25 గదా యని, నూటికి 25 తగ్గింపవలయునని నేనే కాగితము వ్రాసితిని. గడువునాడు రైతు 11,250 తెచ్చెను. ఆమె 12,000 అడిగెను. కాగితమునుబట్టి రైతు మాట నిజము. ఒప్పుదలనుబట్టి ఆమె మాట నిజము. ఇరువురకును మాటలు లేకపోయెను.

తప్పు నాది. పెంచునప్పుడు ప్రమాణము 12,000, తగ్గించునప్పుడు 15,000. పెరిగిన 3,000 రూపాయలు 15,000లో అయిదవవంతు, అనగా నూటికి 20 మాత్రమే. లోటుపడిన 750 రూపాయలు నేనిచ్చి, కాగితమును తిరుగ వ్రాసితిని. ఈమారు శాతము వ్రాయలేదు, రూపాయలే వ్రాసితిని.

పరీక్షలలో నడుగు ప్రశ్నయు నిట్టిదే. బియ్యపు ధర నూటికి 25 పెరిగెను. ఖర్చు పెరుగకుండవలెనన్న వాడుక నూటికెంత తగ్గింపవలెను? నూరు రూపాయల బియ్యమిప్పుడు 125 అయ్యెను, చేతనున్నది నూరే, లోటు 25. ఈ లోటు 125 మీదది గావున నూటికి 20 తగ్గించిన చాలును.

మరియొకటి. ధర మొదట నూటికి 10, పిదప నూటికి 20 పెరిగినచో మొత్తము 30 అని తొందరపడి చెప్పరాదు. నూరు మొదట 110 అగును. రెండవ పెరుగుదల ఆ 110 మీదిది గనుక 22. వెరసి 132, పెరిగినది నూటికి 32.

కావున మనుమడు లెక్క తెచ్చినను, ఇరుగుపొరుగువారు కాగితము తెచ్చినను, నూటికెంతయని యడుగుటకు ముందు, దేనిమీదయని యడుగుడు. కాగితమున ఆ మొత్తమును అంకెలలో వ్రాయింపుడు. సెలవు.