రెండడుగుల ఎర్ర రిబ్బను

బాలే అనగానే మీకేం గుర్తొస్తుంది? తెల్ల గౌన్లు, మునివేళ్ల మీద నడక, రాజకుమారులు, హంసలు... అంతేగా! నేనూ అలాగే అనుకున్నాను, చైనావారి 'తెల్లజుట్టు పిల్ల' చూసేదాకా.

పోయిన ఎండాకాలం, అనంతపురం దగ్గర మా ఊళ్లో కరెంటు పోయిన రాత్రి, ఆరుబయట మంచం మీద మా జేజి పక్కన కూర్చుని సెల్‌ఫోన్లో చూశాను. 1972లో తీసిన బాలే సినిమా అది.

ఇంతకీ కథేమిటంటారా? కొత్త సంవత్సరం ముందు రాత్రి. మంచు కురుస్తోంది. అప్పులవాళ్లకి మొహం చాటేసిన పేదరైతు దొంగచాటుగా ఇల్లు చేరతాడు. కూతురికి పూలు కొనే స్తోమత లేదు. ఓ ఎర్ర రిబ్బను తెచ్చి జడకి కడతాడు. ఆ పిల్ల సంబరం చూడాలి! అంతలోనే జమీందారు మనుషులు దిగి, బాకీ కింద పిల్లని ఈడ్చుకుపోతారు. కొండల్లోకి పారిపోయిన ఆమె జుట్టు కష్టాలకి తెల్లబడిపోతుంది. చివరికి, మనసిచ్చినవాడు సైనికుడై వచ్చి గుహలో ఆమెని గుర్తుపడతాడు.

1945లో యెనాన్‌లో ఇది సంగీత నాటకంగా పుట్టింది. 1950లో సినిమా అయింది. మరి బాలేగా మొదట ఆడిందెవరనుకున్నారు? జపాన్‌వాళ్లు! 1955లో మత్సుయామా బృందం. షాంఘైవాళ్ల బాలే 1965లో వచ్చింది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో సర్కారు మెచ్చిన కొద్ది ప్రదర్శనల్లో ఇదొకటి. వేరే దిక్కులేక చూశారనుకుందామా అంటే, ఆ రోజులు పోయాక కూడా జనం దీన్ని చూస్తూనే ఉన్నారే!

పాత నాటకంలో తండ్రి విషం తాగి చచ్చిపోతాడు. బాలేలో అలా కాదు, కావడిబద్ద ఎత్తి తిరగబడి దెబ్బలకి ప్రాణం విడుస్తాడు. ఈ మార్పు సంగతి చెబితే జేజి కాసేపు మాట్లాడలేదు.

"మన వీధిలో ఆయప్ప గూడా శెనక్కాయ ఎండిపోయిన ఏడు మందు తాగే గదా పాయ..." అంది. "బద్దెత్తింటే బాగుండు."

మన 'మాభూమి' (1980) తీసుకోండి. అందులో తుపాకులు మరిచిపోయినవాళ్లు కూడా సుద్దాల హనుమంతు రాసిన పసులకాపరి పిల్లగాడి పాట మరిచిపోలేదు. ఈ బాలే కూడా అంతే. చివర్లో జెండాలు, తుపాకులు, సూర్యోదయం అన్నీ ఉన్నాయి. అవయ్యాక నేను ఫోను కట్టేయబోతుంటే జేజి చెయ్యి పట్టుకుంది.

"ఆ నాయన బిడ్డకి రిబ్బను కట్టేది ఉందే... అది ఇంగొకసారి పెట్టప్పా!"